తొమ్మిది సెకన్ల ఆవిరి

ఒంటిగంటకు ఒకసారి.
రెండుంబావుకు ఇంకోసారి.
మూడింటికి ఎలాగూ పొయ్యి వెలిగించాలి కనుక
దాన్ని లెక్కలో వెయ్యను.

గుణుపురం బస్టాండు వెనక
ముప్పై ఒక్క ఏళ్ళుగా ఇడ్లీపాత్ర ముందు నిలబడ్డవాణ్ణి.
మూత ఎత్తకుండానే, అంచున జారే చుక్కను చూసి
ఉడికిందో లేదో చెప్పేస్తాను.
నా ఒంట్లోంచి రాని చుక్క సంగతే
ఎవరికీ చెప్పలేకపోయాను.

గోడవైపు తిరిగి నిలబడితే
నా తర్వాత వచ్చినవాడు వెళ్ళిపోతాడు,
వాడి తర్వాత వచ్చినవాడూ వెళ్ళిపోతాడు.
నేను మాత్రం చిరిగిన పోస్టరు మీది ఒడియా అక్షరాలు
కూడబలుక్కుంటూ ఉంటాను.
ఇన్నేళ్ళూ రాని చదువు
ఈ జబ్బు పుణ్యమా అని వచ్చింది.

విశాఖలో డాక్టరు కుర్రాడు.
మందుల చీటీ వెనక గుండ్రంగా గీసి
"ఉసిరికాయంత ఉండాల్సింది
బత్తాయంత అయింది బాబాయ్" అన్నాడు.
కొయ్యరట, కుట్లు వెయ్యరట.
సన్న గొట్టంలోంచి ఆవిరి పడతారట.
ఒక్కో చోట తొమ్మిది సెకన్లు.

ఆవిరా!
చొక్కా చెయ్యి పైకి మడిచి చూపించాను.
మణికట్టు నుంచి మోచేతి దాకా దాని సంతకాలే.
తొమ్మిది సెకన్లంటే ఎంతో
నాకు చెప్పకు నాయనా.

నూటికి ఇంతమందికి నయమైందన్నాడు.
నాకు అంతమంది ఎందుకు?
ఒక్కడు కావాలి.
చేయించుకుని ఇంటికొచ్చి
మర్నాడు పొద్దున్న లుంగీ ఎలా కట్టుకున్నాడో
చెప్పేవాడు ఒక్కడు.

అప్పట్నుంచి అడుగుతున్నాను.
చట్నీ వేసే వంకతో వంగి, చెవి దగ్గర,
"మీకేమైనా... రాత్రిళ్ళు...?"
పాఢీ మేష్టారు సగం ఇడ్లీ వదిలేసి లేచిపోయాడు.
డ్రైవరు జోగారావు "నాకేటి, మా బామ్మర్దికి" అన్నాడు.
ఆ బామ్మర్ది అవస్థ అరగంట చెప్పాడు.
అంత వివరం
బామ్మర్దికి కూడా తెలిసుండదు.

మా రాజులమ్మ నయం.
తన మూడు కాన్పులూ కొళాయి దగ్గర
బిందె నిండేలోగా చెప్పేస్తుంది,
విన్నవాళ్ళు తమవి చెబుతారు.
మేమేమో
ఉచ్చ సంగతి కూడా
రాచకార్యంలా దాచుకుంటాం.

చివరికి ఓ మంగళవారం, సంతరోజు,
పసుపు కొనడానికొచ్చిన కృత్తిబాస్ బిసోయి,
అడవి గార్డుగా చేసి దిగిపోయినవాడు,
చెయ్యి కడుక్కుంటూ కళ్ళతో పిలిచాడు.
ఆ గోడ దగ్గరే, ఆ పోస్టరు ముందే
పక్కపక్కన నిలబడ్డాం.
మొహాలు చూసుకోలేదు.

"అయిదు రోజులు గొట్టం. నరకమే, దాచను.
లుంగీ లోపల సంచీ కట్టుకుని
మనవరాలి పుట్టినరోజుకి కూచున్నాను.
ఒళ్ళో కూచుంటానని ఒకటే ఏడుపు.
గొట్టం తీశాక మంట. కొరాపుట్ మిరప.
మూడు వారాలైనా ఏమీ మారలేదు,
ఆ డాక్టర్ని ఒడియాలో తిట్టాను, తెలుగులో తిట్టాను."

"తర్వాత?"

"ఓ రాత్రి పడుకున్నాను. కళ్ళు తెరిస్తే ఎండ.
భయమేసింది బాబూ,
చచ్చిపోయాననుకున్నాను."

ఇంకోటి అడగాలి. నోరు రాలేదు.
అతనికే అర్థమైంది.
"ఆ సంగతి మా ఆవిణ్ణి అడగాలి," అని నవ్వి
లుంగీ సర్దుకున్నాడు.
"కిచ్ఛి హెబ నాహిఁ. ఏం కాదు.
నేను చెప్పానని మాత్రం ఎవరికీ చెప్పకు."

ఇదిగో, చెప్పేశాను.

ఈ తెల్లవారుజామున మూత తీసి
లోపల్నుంచి పైకి లేచేదాన్ని చూస్తూ
తొమ్మిది లెక్కపెట్టాను.
ఎక్కువేం కాదు.
తక్కువా కాదు.

విశాఖ రైలు టికెట్టు వరుసలో
నా ముందొక ముసలాయన, తెల్ల పంచె,
బరువు ఈ కాలి మీంచి ఆ కాలికి మార్చుకుంటూ
కిటికీకేసి కాదు, మరుగుదొడ్డి తలుపుకేసి చూస్తున్నాడు.
ఆ నిలబడ్డం నాకు తెలుసు.

"వెళ్ళి రండి," అన్నాను, "మీ చోటు నేను చూస్తాను.
తొందరేం లేదు,
నిదానంగా రండి.
వచ్చాక మీతో ఓ మాటుంది."